చుక్క గేదె ఒప్పుకోని బండి

2019 ఆగస్టు 19, సోమవారం. నలభై మూడు.

ఆ ఉదయం కృపానిధి తన మోటారు సైకిలును కిక్కు కొట్టిన సార్ల సంఖ్య అది. అంచనా కాదు. ఒక్కో ఇంటి ముందు పాలు పోయించుకుని తిరిగి బండి ఎక్కబోయేటప్పుడల్లా చొక్కా జేబులోంచి ఒక చింతగింజ తీసి ప్యాంటు జేబులో వేసుకుంటూ వచ్చి, చివర్లో కూర్చుని లెక్కపెట్టి తేల్చిన సంఖ్య. రెండు రోజుల క్రితం చీపురుపల్లిలో మోకాలి డాక్టరు, రోజుకు ఎన్నిసార్లు కిక్కు కొడతావని అడిగితే, ‘చాలాసార్లు’ అన్నాడు కృపానిధి. చాలా అంటే ఎంతని డాక్టరు మళ్లీ అడిగాడు. తన పని తాను చేసుకుంటూ కూడా దాని కొలత తెలియకపోవడం కృపానిధికి చిన్నతనంగా తోచింది. అందుకే చింతగింజలు.

కృపానిధికి నలభై తొమ్మిదేళ్లు. గరివిడికి ఏడు కిలోమీటర్ల ఇవతల కొండపేటలో, బాప్టిస్టు చర్చి గోడకు ఆనుకున్న వీధిలో మూడో ఇల్లు. భార్య గ్లోరీ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు. పందొమ్మిదేళ్లుగా ఆయన పని ఒకటే. ఉదయం ఐదింటికి రెండు పెద్ద క్యాన్లు బండికి అటూ ఇటూ తగిలించుకుని బయలుదేరడం; కొండపేట, నీలయ్యవలస, గెడ్డవీధి అనే మూడు ఊళ్లలో ఇంటింటా ఆగి పాలు కొలిచి పోయించుకోవడం; గరివిడి రోడ్డు మీదున్న పాల కేంద్రానికి ఏడుంబావులోగా చేర్చడం. ఆ నలభై మూడు ఇళ్లలో ఏ గేదె ఎప్పుడు ఈనుతుందో, ఏ ఇంట్లో పాలలో చెంబుడు నీళ్లు కలుస్తాయో, ఏ ఇంటి కుక్క ఎవరి మీద మొరుగుతుందో ఆయనకు తెలియనిది లేదు.

బండి మాత్రం ముసలిదైపోయింది. ఆయన కొనేనాటికే దాన్ని ఇంకొకరు రెండేళ్లు వాడారు. పొగ తెల్లగా, మాట మోటుగా ఉండే పాతకాలపు బండి. అది వాగు మీది గెడ్డ వంతెన ఎక్కుతూ ఉంటే ఆ డబడబలకు అవతలి ఊరు లేచి కూర్చునేది. నెలకోసారి ఎక్కడో ఒకచోట మొరాయించేది. కిక్కు కొట్టేసరికి మోకాల్లో సూది దిగినట్టయ్యేది.

అయినా ఆయన ఇంకో రెండేళ్లు నెట్టుకొచ్చేవాడే. పాల కేంద్రం గోడ మీద ఆ కాగితం అంటించకపోతే. కేంద్రం చూసుకునే జోగయ్య దాన్ని పైకి చదివి వినిపించాడు. అక్టోబరు ఒకటి నుంచి పాలు సేకరించడానికి కంపెనీ ఒక ఆటోను దింపుతుంది. సెప్టెంబరు నెలంతా ఒక్కొక్కరి దారినీ పరిశీలిస్తారు. తెచ్చిన పాలు డెబ్బై లీటర్లకు తగ్గినా, ఏడుంబావు దాటినా, ఆ రోజుకు పట్టీలో ఎర్ర సున్నా. నెలలో మూడు సున్నాలు పడ్డవారి దారి ఆటోకు వెళ్లిపోతుంది. జోగయ్య చదవడం ముగించి, కళ్లజోడు మీదుగా కృపానిధి బండి వైపు చూశాడు.  

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యాభర్తలు డాక్టరు మాట, కాగితం మాట కలిపి ఆలోచించారు. మామూలు పెట్రోలు బండి కొంటే బొత్తాం నొక్కితే స్టార్టవుతుంది, నిజమే. కానీ నలభై మూడు చోట్ల ఆగి, పది గజాలు వెళ్లి, మళ్లీ ఆగే బండికి క్లచ్చు ఆరు నెలలు కూడా నిలవదని మెకానిక్కు ముందే చెప్పాడు. కరెంటు బండికి క్లచ్చే ఉండదట. ఆగినప్పుడు దానికి ఖర్చు లేదట. గ్లోరీ బడి పిల్లలకు గుడ్లు పంచే పట్టీల వెనక మిగిలిపోయిన కాగితాలతో ఒక పుస్తకం కుట్టి ఆయన చేతికిచ్చింది.

ఆయన అందులో గళ్లు గీశాడు. పైన మూడు కరెంటు బండ్లకు మూడు గళ్లు. పక్కన ఏడు ప్రశ్నలు. రెండు క్యాన్ల నిండా బరువుతో ఎంత దూరం పోతుంది? గెడ్డ వంతెన లాంటి ఎత్తు ఎక్కుతుందా? క్యాన్లు తగిలించే ఇనప చట్రం బిగించడానికి చోటుందా? కరెంటు పోయిన రాత్రి గతేమిటి? చెడితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? వర్షంలో తడిస్తే? ఏడోది గ్లోరీ చెబితే రాసుకున్నది: చప్పుడు. తెల్లారకముందే చంటిపిల్లల నిద్ర చెడగొట్టే ఆ డబడబలంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు. ఆయన ఆ ప్రశ్న పక్కన, ఎంత తక్కువైతే అంత మంచిది, అని కూడా రాశాడు.

ఎర్రబండిని విజయనగరంలో చూశారు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. వెనక సీటు గోపురంలా పైకి లేచి, కొసన అరచేయంత చోటు మిగిలింది. క్యాన్లు ఎక్కడ పెట్టాలని కృపానిధి అడిగితే, భుజానికి సంచీ తగిలించుకోవచ్చని షోరూములో కుర్రాడు సలహా ఇచ్చాడు. గ్లోరీ ఆ సీటును నాలుగు వైపుల నుంచీ చూసింది.

“దీని మీద పిల్లి కూడా సర్దుకుని కూకోవాల,” అంది.

ఎర్రబండి గడిలో మూడో ప్రశ్న దగ్గరే అడ్డగీత పడింది.

నీలంబండి అదే వీధిలో, ఇంకో దుకాణంలో. ధర తక్కువ, చోటు ఎక్కువ. కృపానిధి ముఖం వికసించింది. వెంట తెచ్చుకున్న క్యాన్లను ఆ దుకాణం కుళాయి దగ్గర నింపి, తాళ్లతో కట్టి, రైల్వే పైవంతెన మీదికి తోలాడు. కింద ఉన్నంతసేపూ బాగానే పరుగెత్తింది. ఎత్తు మొదలయ్యేసరికి దాని నడక మారింది. సగం ఎక్కేసరికి నడకే మిగిలింది. ఎడమపక్క నుంచి సైకిలు తొక్కుతూ వచ్చిన ఒక బడిపిల్ల ఆయనను దాటి, వెనక్కి తిరిగి చూసి, సైకిలు ఆపి మర్యాదగా అడిగింది.

“తాతా, తొయ్యమంటావేటి?”

కృపానిధి తోయించుకోలేదు. దిగి, తానే తోసుకుంటూ వంతెన మీదికి తెచ్చి, పుస్తకం తీసి రెండో ప్రశ్న పక్కన ‘బడిపిల్ల దాటింది’ అని రాశాడు. ఆ రాతను మించిన వివరణ ఆయనకు తోచలేదు.

మిగిలింది నల్లబండి. అది విశాఖపట్నం దగ్గర గోపాలపట్నంలో ఉంది. సెప్టెంబరు రెండో వారంలో ఒకరోజు పాలు పోసి వచ్చాక భార్యాభర్తలిద్దరూ గరివిడిలో ప్యాసింజరు ఎక్కారు. చేతిలో రెండు ఖాళీ క్యాన్లు, ఒక తాళ్ల చుట్ట, పులిహోర డబ్బా. షోరూములో సంజయ్ అనే యువకుడు మెడలో కార్డు వేసుకుని, క్యాన్లను చూసి, పాలు పోయించుకునేది ఇక్కడ కాదని చెప్పబోయి ఆగాడు.

“ఒకసారి చార్జి పెడితే వంద కిలోమీటర్లు వస్తుంది సార్.”

“ఎవులు నడిపితే?”

“కంపెనీ టెస్టింగ్‌లో సార్.”

“ఆళ్లు నడిపినప్పుడు ఎనకాల ఏటెట్టారు?”

“ఏమీ పెట్టరు సార్. ఒక్కరే నడుపుతారు.”

“ఎనకాల ఏటీ నేకపోతే, బాబూ, నాను ఇంట్లోంచి బయటికే రాను గదా.”

సంజయ్ నవ్వి, లోపలికి వెళ్లి మేనేజరును అడిగి వచ్చాడు. షోరూము ఎదురుగా టీ దుకాణం పంపు దగ్గర క్యాన్లు నిండాయి. ఎత్తు ఎక్కడుందని కృపానిధి అడిగాడు. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఎత్తు ఒకటే ఉంది. సింహాచలం ఘాటు రోడ్డు. కృపానిధి బండి మీద, సంజయ్ వెనకాలే స్కూటరు మీద బయలుదేరారు. గ్లోరీ టీ దుకాణం బల్ల మీద పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొండ దిగువన రద్దీగా ఉంది. అటూ ఇటూ నిండు క్యాన్లతో, చప్పుడు లేకుండా, నింపాదిగా వస్తున్న నల్లటి బండిని చూసి జనం తమంతట తామే పక్కకు తప్పుకున్నారు. స్వామికి పాలు వస్తున్నాయి, దారివ్వండని ఎవరో అన్నారు. ఒక ముసలావిడ ఎదురుగా వచ్చి, కుడిచేతి క్యాను తాకి ఆ చేతిని కళ్లకద్దుకుంది. అవి పంపు నీళ్లని, తాను బాప్టిస్టు చర్చిలో పెద్దల సంఘం సభ్యుడినని అక్కడ నిలబడి వివరించడం కృపానిధికి సాధ్యమయ్యేలా లేదు. ఆవిడ భక్తిని నీళ్లపాలు చేయడానికి మనసూ ఒప్పలేదు. తల వంచి నమస్కారం పెట్టి ముందుకు సాగాడు. బండి మెలికలన్నీ తిరిగి కొండ ఎక్కింది. ఎక్కడా కాలు కింద పెట్టనివ్వలేదు. దిగి వచ్చాక ముల్లు చూస్తే, బ్యాటరీలో ఐదోవంతు కూడా ఖర్చు కాలేదు.

ఈ కథ విన్న గ్లోరీ తిరుగు ప్రయాణంలో కొత్తవలస స్టేషను దాకా నవ్వుతూనే ఉంది. కృపానిధి మాత్రం గళ్లు నింపే పనిలో మునిగిపోయాడు. చట్రానికి చోటుంది. బ్యాటరీని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. కరెంటు పోయిన రాత్రి చర్చి జనరేటరు దగ్గర పెట్టుకోవచ్చు. బాగుచేసేవాడు విజయనగరంలోనే ఉన్నాడు. ఏడో ప్రశ్నకు వచ్చేసరికి ఆయన కలం ఉత్సాహంగా కదిలింది. చప్పుడు: లేదు. మిగిలిన ప్రశ్నలకు ఒక్కొక్క టిక్కు పెట్టినవాడు, దీనికి రెండు పెట్టాడు.

పద్నాలుగో తేదీ శనివారం నల్లబండి కొండపేటకు వచ్చింది. మర్నాడు పాలు పోసి వచ్చాక పాతబండిని అదే ఊరివాడైన నరేష్ తీసుకున్నాడు. గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని అతనిది. వారానికో షిఫ్టు మారుతుంది. ఆ డబడబలంటే అతనికి చిన్నప్పటినుంచీ మోజు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు కొత్తబండి మీద చేయి ఉంచి ప్రార్థన చేశారు. గెడ్డవీధి నుంచి చిన్నతల్లి బంతిపూల దండ, చక్రాల కింద పెట్టమని నాలుగు నిమ్మకాయలు పంపింది. దండ హ్యాండిలుకు వేశారు. నిమ్మకాయల విషయంలో కాస్త తర్జనభర్జన జరిగి, చివరికి గ్లోరీ వాటితో పాస్టరుగారికే షర్బతు చేసి ఇచ్చింది.

ఈ చిన్నతల్లి కృపానిధికి మొదటినాటి ఖాతాదారు. అరవై దాటిన మనిషి. ఎకరం వరి, కాస్త నువ్వుచేను, ఒక్క గేదె. నుదుట తెల్లమచ్చ ఉండటంతో దానికి చుక్క అని పేరు. పూటకు ఆరు లీటర్లకు తగ్గని గేదె గెడ్డవీధిలో అదొక్కటే. కృపానిధి ఆమెను అక్క వరసతో అప్ప అని పిలుస్తాడు. ఆమె ఆయనను తిట్టకుండా పిలవదు.

పదహారో తేదీ సోమవారం ఐదింటికి నల్లబండి తొలి పాలదారి మొదలైంది. కృపానిధికి బండి మీద కూర్చున్నట్టే లేదు. ఎవరో ఎత్తుకుని తీసుకుపోతున్నట్టుంది. నీలయ్యవలస పొలిమేరలో కొంగలు కూడా ఎగరలేదు. అక్కడ మొదటి ఇంటి ముందు ఆగాడు. ఎవరూ బయటికి రాలేదు. పిలిచాడు. లోపల్నుంచి ఆవులింత వినిపించింది. రెండో ఇంట్లో దూడను ఇంకా విప్పనేలేదు. మూడో ఇంట్లో దూడను విప్పారు, తవుడు పెట్టారు, పొదుగు నిమిరారు. గేదె మాత్రం రాతి గేదెలా నిలబడింది. దూడ కుమ్ముతోంది, పాలు దిగడం లేదు.

గెడ్డవీధి చేరేసరికి ఆరున్నర దాటింది. చిన్నతల్లి గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటోంది.

“నువ్వెప్పుడొచ్చినావురా? దొంగలాగ?”

చుక్కను కదిలించి చూశారు. అది తల తిప్పి నల్లబండిని ఒకసారి చూసింది. చెవులాడించింది. మళ్లీ నెమరు వేసుకోవడం మొదలుపెట్టింది. పావుగంట కష్టపడితే రెండు లీటర్లు వచ్చాయి. కేంద్రానికి చేరేసరికి ఏడున్నర. మొత్తం యాభై ఎనిమిది లీటర్లు. జోగయ్య కలం మార్చి ఎర్ర సున్నా చుట్టాడు. కొత్తబండి చాలా అందంగా ఉందని కూడా అన్నాడు.

మంగళవారం కృపానిధి ప్రతి ఊరి మొదట్లోనూ హారను కొట్టాడు. మనుషులు లేచారు. గేదెలు బెదిరాయి. చిన్నతల్లి గేదె ఒక్క తన్నుతో బకెట్టును గోడకేసి కొట్టింది. అరవై ఒక్క లీటర్లు. రెండో సున్నా.

ఇంకొక్కటి పడితే పందొమ్మిదేళ్ల దారి పోయినట్టే. కృపానిధి ఇంటికి వచ్చి, అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి పుస్తకం ముందేసుకున్నాడు. ఏడు ప్రశ్నలూ మళ్లీ చదివాడు. ఎక్కడా తప్పు కనిపించలేదు. బండి మంచిదే. దారి అదే. ఇళ్లు అవే. గేదెలకు ఏదైనా జబ్బు చేసిందా అని గ్లోరీ అడిగింది. మూడు ఊళ్లలో ఒకే రోజు, తన బండి మారిన రోజే, జబ్బు ఎందుకు చేస్తుందని ఆయన తిరిగి అడిగాడు.

మధ్యాహ్నం మూడింటికి చిన్నతల్లి వచ్చింది. గెడ్డవీధి నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషి. చేతిలో చెంబు, చెంబులో పాలు. చెంబును బల్ల మీద పెట్టి, నల్లబండిని ఎగాదిగా చూసి, అరుగు మీద చతికిలబడింది.

“కిరపా, నీ పాతబండి నా గేదెకి పాలు తీసీస్తన్నాదిరా.”

కృపానిధికి అర్థం కాలేదు. ఆమె నీళ్లు తాగి, నింపాదిగా చెప్పింది. ఒంటిగంట దాటాక చుక్క శాల నీడలో పడుకుని ఉంది. నరేష్ రెండింటి షిఫ్టుకు ఆ పాతబండి మీద గెడ్డ వంతెన ఎక్కాడు. డబడబలు వినగానే గేదె లేచి నిలబడింది. చెవులు వంతెన వైపు తిప్పింది. చూస్తూ ఉండగానే పొదుగు నిండి, పాలు నేల మీద కారసాగాయి.

“నాను సెంబు తెచ్చీలోపు సగం మట్టిపాలైపోనాది. మా ఈదిలో ఒక్క నాదే కాదు, ఐదారు గేదెలు అలగే సేపీసినాయి. ఇన్నాళ్లూ నా గేదనుకున్నాను గదరా. నీ బండి గేదేట్రా అది?”

కృపానిధికి అప్పుడు తట్టింది. పందొమ్మిదేళ్లుగా ఆ చప్పుడు వంతెన మీద వినిపించడం, ఆడవాళ్లు దూడలు విప్పడం, తవుడు గంప ముందు పెట్టడం, పొదుగు కడగడం వరుసగా జరుగుతూ వచ్చాయి. తల్లి గేదెల తరువాత పిల్ల గేదెలూ అదే చప్పుడు వింటూ పెరిగాయి. తెల్లవారిందని సూర్యుడు చెబితే ఆ మూడు ఊళ్ల పశువులు నమ్మవు, బండి చెప్పాలి. ఆయన పుస్తకం తెరిచి ఏడో ప్రశ్న చూశాడు. చప్పుడు: లేదు. దాని పక్కన రెండు టిక్కులు.

“అప్పా, తప్పు గేదెది కాదు. ఆటిని అడక్కండ కొన్నాను.”

“మరి అడగాల గదా,” అంది చిన్నతల్లి, అందులో వింతేమీ లేనట్టుగా. “పాలిచ్చేది నువ్వేటి?”

ఆ రాత్రి పదిన్నరకు నరేష్ ఇల్లు చేరేదాకా కృపానిధి అతని గుమ్మంలోనే కూర్చున్నాడు. బుధవారం నుంచి ఆదివారం దాకా ఉదయంపూట పాతబండి ఇమ్మని అడిగాడు. నరేష్ ఇచ్చాడు, కానీ ఊరికే ఇవ్వలేదు.

“బండి మంచిది కాదు, పొగొస్తాది, మోకాలు పోతాదని సెప్పి నాకమ్మినావు గదా మావా. ఇప్పుడు దానికేటి, మంచిదైపోనాదా?”

ఐదు రోజులూ కృపానిధి రోజుకు నలభై మూడుసార్లు కిక్కు కొట్టాడు. కొత్తబండి ఇంట్లో నిండా చార్జి పెట్టుకుని, మెడలో వాడిన బంతిదండతో నిలబడి ఉంది. పాలు డెబ్బై ఎనిమిది లీటర్లకు తగ్గలేదు. మోకాలు మాత్రం కొబ్బరికాయంత అయింది. గ్లోరీ రాత్రిపూట ఉప్పు మూట కాచి కాపడం పెడుతూ, ఇలా ఎన్నాళ్లని అడిగింది. పాతబండిని తిరిగి ఇవ్వనని నరేష్ ముందే తేల్చేశాడు. ట్యాంకు మీద తన పేరు కూడా రాయించుకున్నాడు. పైగా వచ్చే సోమవారం నుంచి అతనికి పగటి షిఫ్టు, ఎనిమిదింటికి.

ఆదివారం ఆరాధనలో, పాట మొదలయ్యే ముందు హార్మోనియం మీద ఒక్క స్వరం పలకగానే చర్చి అంతా ఒక్కసారిగా లేచి నిలబడటం కృపానిధి గమనించాడు. కొత్త హార్మోనియం వచ్చిన తొలి వారాల్లో ఎవరూ లేచేవారు కాదు; పాతది, కొత్తది కొన్నాళ్లు కలిపి వాయించాక అలవాటు పడ్డారు. వాక్యం మీద ఉండవలసిన ఆయన మనసు అక్కడి నుంచి గెడ్డవీధికి వెళ్లిపోయింది. గేదెకు కావలసింది మోటారు కాదు. తరువాత ఏం జరగబోతోందో చెప్పే ఒక కబురు. ఆ కబురు తెచ్చేవాడిని మార్చాలంటే, పాతవాడు, కొత్తవాడు కొన్నాళ్లు జంటగా తిరగాలి.

కొత్త చప్పుడు ఏదై ఉండాలన్నదాన్ని కూడా ఆయన ఊరికే తేల్చలేదు. హారను అన్ని బండ్లకూ ఉంటుంది. సైకిలు గంట ఐస్‌క్రీము అతనిది. చివరికి లీటరు కొలత గిన్నెను క్యాను మూత మీద మూడుసార్లు కొట్టి చూశాడు. టంగు, టంగు, టంగు. ఆ చప్పుడు ఆ దారిలో ఇంకెవరికీ లేదు.

నరేష్‌ను ఒప్పించింది గ్లోరీ. వారం రోజులు రెండు గంటలు ముందుగా లేచి కృపానిధికి ముందు బండి నడపాలి. అందుకు రోజూ ఇడ్లీ క్యారేజీ.

“అంటే నాను బేండుమేళం. మావ పెళ్లికొడుకు,” అన్నాడు నరేష్.

“ఇడ్లీలోకి అల్లం పచ్చడి కూడా ఎడతాను,” అంది గ్లోరీ. బేరం కుదిరింది.

తరువాతి వారం, ఇరవై మూడో తేదీ సోమవారం ఉదయం, మూడు ఊళ్ల జనం ఆ ఊరేగింపు చూశారు. ముందు పొగలు కక్కుతూ నరేష్. యాభై గజాల వెనక, చప్పుడు లేకుండా, మూత మీద మూడు దెబ్బలు కొడుతూ కృపానిధి. గేదెలు పాతబండి మాట విని పాలు చేపాయి. ఎనభై లీటర్లు. మంగళవారం కృపానిధి మూత ముందు కొట్టి, బండి తరువాత రమ్మన్నాడు. బుధవారం ఆ ఎడం ఇంకొంచెం పెంచాడు. ఏ ఇంటి గేదె మూతకే చేపింది, ఏది బండి దాకా ఆగింది అన్నది పుస్తకంలో రోజూ రాసుకున్నాడు. గురువారానికి పద్నాలుగు. శుక్రవారానికి ఇరవై తొమ్మిది. శనివారానికి మిగిలింది ఒక్కటే, చుక్క. అది మూత వినేది, చెవి తిప్పేది, బండి వచ్చేదాకా ఒక్క బొట్టు విడిచేది కాదు. యజమానురాలి పోలికేనని కృపానిధి అన్నాడు. చిన్నతల్లి కాదనలేదు.

చుక్క ఆరు లీటర్లు పోయినా డెబ్బైకి లోటు రాదు. కానీ ఆదివారం నరేష్‌కు సెలవు. శనివారం సాయంత్రమే పాతబండి వేసుకుని సాలూరులో అక్క ఇంటికి వెళ్లిపోయాడు. అంటే ఆ ఉదయం నలభై మూడు ఇళ్లలో మూత ఒక్కటే. జంట లేకుండా ఎన్ని గేదెలు మాట నిలబెట్టుకుంటాయో ఎవరికీ తెలియదు. పట్టీలో మూడో సున్నాకు ఇంకా చోటుంది.

కృపానిధి ప్రార్థన చేసుకుని ఐదింటికి బయలుదేరాడు. కొండపేటలో మూత మోగింది, తలుపులు తెరుచుకున్నాయి. నీలయ్యవలసలో ఆడవాళ్లు అప్పటికే దూడలు విప్పి నిలబడ్డారు. పాలు దిగాయి. ఒక్కో ఇల్లూ దాటుతున్నకొద్దీ క్యాన్లు బరువెక్కాయి, ఆయన తేలికపడ్డాడు. గెడ్డ వంతెన మీద బండి ఆపి, ఊపిరి పీల్చుకుని, మూడుసార్లు కొట్టాడు.

చిన్నతల్లి శాలలో బకెట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కింటివాళ్లు, వారి పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. చుక్క వంతెన వైపు చెవి తిప్పింది. రావలసిన డబడబ రాలేదు. అది నల్లబండిని చూసింది, క్యానును చూసింది, తవుడు గంపను చూసింది. చిన్నతల్లి పొదుగు మీద చేయి వేసి, వంగి, దాని చెవి దగ్గర మెల్లగా అంది.

“ఒసే, ఇంక రాదే అది. దీనికే అలవాటు పడిపోవాల. నాను పడనేదేటి.”

కాసేపటికి బకెట్టు అడుగున పాలధార మోగింది. గోడ మీది తలలు ఒక్కసారిగా నవ్వాయి. చిన్నతల్లి వెనక్కి తిరగలేదు, పాలు తీస్తూనే ఉంది. కానీ కృపానిధికి ఆవిడ భుజాలు నవ్వడం కనిపించింది.

కేంద్రంలో జోగయ్య గడియారం చూశాడు. ఏడుకు ఐదు నిమిషాలు తక్కువ. ఎనభై ఒక్క లీటర్లు. నీలం కలంతో రాసి, కృపానిధి వైపు చూసి, ఆటో రానున్న దారుల జాబితాలో ఆయన దారి ఉండదని, రేపు ఒక్కరోజు ఇలాగే గడిపితే చాలని చెప్పాడు.

ఇంటికి వచ్చి చర్చికి తయారవుతుండగా ఫోను మోగింది. గోపాలపట్నం నుంచి సంజయ్. బండి కొని రెండు వారాలైంది కనక, పనితీరు ఎలా ఉందో అడిగి రాసుకోవాలట. బ్యాటరీ బాగుంది, ఎత్తు బాగా ఎక్కుతోంది, మోకాలి నొప్పి తగ్గిందని కృపానిధి వరుసగా చెప్పాడు. ఇంకేమైనా సలహా ఉందా అని సంజయ్ అడిగాడు.

“ఉన్నాది, బాబూ. ఈసారి పాలోడు ఎవులైనా వస్తే, కొనక ముందు బండిని ఒకసారి ఊరికి తీసుకెల్లి గేదెలకి సూపించమను.”

 ఇది కూడా రాసుకోవాలా అని సంజయ్ సందేహంగా అడిగాడు. రాసుకోమన్నాడు కృపానిధి. తానూ పుస్తకం తీసి, ఏడో ప్రశ్న దగ్గర రెండు టిక్కుల్లో ఒకదాన్ని కొట్టేసి, దాని కింద ఎనిమిదో ప్రశ్న రాశాడు: గేదెలు ఒప్పుకుంటాయా? తరువాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ గ్లోరీని త్వరగా రమ్మన్నాడు. చర్చిలో హార్మోనియం అప్పుడే పలికింది.